ఉప్పు సగం తగ్గిస్తే నగ్గెట్స్ విడిపోతున్నాయి, పీచు కలిపే పద్ధతి ఎవరికైనా తెలుసా?

బోడుప్పల్_వంటిల్లు
సోమవారం, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మాది బోడుప్పల్‌లో చిన్న యూనిట్. మూడేళ్లుగా చికెన్ నగ్గెట్స్, సాసేజ్‌లు చేసి రెండు ఆఫీసు క్యాంటీన్లకూ, ఒక లేడీస్ హాస్టల్‌కూ వేస్తున్నాం. నేనూ, మా ఆయనా, ఇద్దరు పనివాళ్లూ.

మొన్న సంక్రాంతి తర్వాత నాన్నకు బీపీ బాగా పెరిగి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికి పంపే రోజు డాక్టరుగారు ఏమేం తింటారని ఒక్కొక్కటే అడిగారు. పచ్చళ్లు మానేసి ఏడాదైంది, అప్పడాలు ముట్టరు. సాయంత్రం టీతో నాలుగైదు నగ్గెట్స్ తింటారని అమ్మ చెప్పింది. అవి మా యూనిట్‌లో అంచులు విరిగిన ముక్కలు. పారేయడమెందుకని నేనే రోజూ డబ్బాలో పెట్టి పంపేదాన్ని. ఆ రోజు నుంచి ఉప్పు తూకం వేయాలంటే నాకు చెయ్యి ఆడటం లేదు. హాస్టల్ పిల్లలు కూడా వారంలో నాలుగు రోజులు అవే తింటున్నారు కదా.

అందుకే ఉప్పు తగ్గించి పీచు కలుపుదామని మొదలుపెట్టాను. మా 10 కిలోల బ్యాచ్ ఇలా ఉంటుంది: తొడ మాంసం 7 కిలోలు, చర్మం 600 గ్రాములు, నూనె 400, ఐస్ పొడి కిలో, బ్రెడ్ పొడి 400, అల్లం వెల్లుల్లి పేస్ట్ 300, మసాలా 100, ఉప్పు 180, ఫాస్ఫేట్ (ముద్దలో నీరు నిలవడానికి వేసే లవణం) 30. ఈసారి ఉప్పు 90 గ్రాములే వేసి, బ్రెడ్ పొడి తీసేసి ఓట్స్ పొడి అర కిలో కలిపాను. ముద్ద తడి ఇసుకలా తయారైంది. ట్రేలో పరిచి ఆవిరి పెడితే చుట్టూ నీళ్లు ఊరాయి. ముక్కలు కోస్తుంటేనే బీటలు. నూనెలో వేస్తే సగం రాలిపోయి నూనె నల్లబడింది. మొత్తం బ్యాచ్ పోయింది.

ఉప్పు తగ్గించడం కుదరదా? నేను చేసిన తప్పేంటి?

---

సీకు_మాస్టర్
సోమవారం, రాత్రి 10:20

అక్కా, నేను టోలీచౌకీలో కబాబ్ సెంటర్ నడుపుతాను. మెషీన్ సంగతి నాకు తెలియదు, చేతి సంగతి చెప్తాను. ఖీమాలో ముందు ఉప్పు వేసి పది నిమిషాలు అరచేత్తో నొక్కి నొక్కి పిసుకుతాం. మొదట్లో విడివిడిగా ఉంటుంది. కాసేపటికి వేళ్లకు అతుక్కుంటుంది, చెయ్యి పైకి తీస్తే సన్నగా దారాల్లా సాగుతుంది. అప్పుడే అది సీకును, అంటే కబాబ్ గుచ్చే ఇనుప చువ్వను పట్టుకుంటుంది. ఒకసారి కొత్త కుర్రాడు ఉప్పు మర్చిపోయి కలిపాడు. ఎంత పిసికినా సాగలేదు, నిప్పుల మీద పెట్టగానే ముద్దలు ముద్దలుగా రాలింది. మీ బ్యాచ్‌లో జరిగింది కూడా అదేనేమో చూడండి.

---

వెటర్నరీ_డాక్టరమ్మ
సోమవారం, రాత్రి 11:05

మాస్టర్‌గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో మాంసం, పాల ఉత్పత్తుల మీద పీజీ చేశాను. ఇప్పుడు ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ చూస్తాను.

ఆ దారాల్లా సాగేది మయోసిన్ అనే ప్రొటీన్. కండలో గట్టిగా పెనవేసుకుని ఉంటుంది, మామూలు నీళ్లకు బయటికి రాదు. ఉప్పు నీళ్లు తగిలితే కండ పోగులు ఉబ్బి అది కరిగి బయటికి వస్తుంది. ముక్కకు ముక్కను అతికించేది, కొవ్వు బొట్టు చుట్టూ పొరలా పట్టేది, ఉడికాక నీటిని బయటికి పోనివ్వకుండా వలలా బిగిసేది అంతా అదే. ఇలాంటి మెత్తటి ముద్దలకు 1.5 నుంచి 2 శాతం ఉప్పు వేయడానికి కారణం రుచి ఒక్కటే కాదు. మీరు ఒకేసారి 0.9 శాతానికి దింపేశారు, అందుకే బంధం పడలేదు.

దాని మీద ఓట్స్ పొడి పొడిగానే వేశారు. పొడి పీచు గిన్నెలో ఉన్న నీటిని ముందే లాగేసుకుంటుంది. ప్రొటీన్ కరగడానికి కావలసిన నీరు ఇక మిగల్లేదు. అంటే ఒక చేత్తో ఉప్పు తీసేశారు, రెండో చేత్తో నీళ్లు తీసేశారు.

ఇలా చేసి చూడండి. మాంసం బాగా చల్లగా ఉండాలి. ముందు మాంసం, ఉప్పు మొత్తం, ఫాస్ఫేట్, మూడో వంతు ఐస్ మాత్రమే చాపర్‌లో వేయండి. మసాలా, నూనె ఏవీ వద్దు. ముద్ద జిగటగా మెరుస్తూ గిన్నె అంచుకు అతుక్కునే దాకా తిప్పండి. తర్వాత చర్మం, నూనె, మిగతా ఐస్. పీచు ఆఖరున, అదీ ముందే నీళ్లలో నానబెట్టి ఫ్రిజ్‌లో చల్లార్చినది. మొదటి నుంచి చివరి దాకా ముద్ద వేడి 12 డిగ్రీలు దాటకూడదు. కోడి కొవ్వు త్వరగా కరుగుతుంది, కరిగిందంటే ఆవిరిలో నీళ్లతో పాటు నూనె కూడా ఊరుతుంది.

ఉప్పు 90కి వద్దు. ఇప్పటికి 150 వేయండి, అక్కడ కుదిరాక ఇంకా దిగుదాం.

---

బోడుప్పల్_వంటిల్లు
సోమవారం, రాత్రి 11:31

డాక్టరమ్మగారూ, చాలా థాంక్స్ అండీ. మేం అన్నీ ఒకేసారి గుమ్మరించి తిప్పేస్తాం. 180 గ్రాములు ఉన్నప్పుడు అలాగే కుదిరేది కాబట్టి వరసకు ఇంత విలువ ఉందని ఎప్పుడూ తట్టలేదు.

---

పాలమూరు_పొలం
మంగళవారం, ఉదయం 6:48

నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకమ్మా. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ తెచ్చే వాటిలో మొదటి గ్రూపులో పెట్టింది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. అలాంటి దానిలో గుప్పెడు పొట్టు కలిపి ఉప్పు చిటికెడు తగ్గిస్తే మంచిదైపోతుందా? జనానికి తినొచ్చులే అన్న ధైర్యం ఇచ్చినట్టు అవుతుంది. మా ఇంట్లో ఒట్టి తునకలు చేసుకుంటాం. మాంసం, పసుపు, ఉప్పు, కారం, ఎండ. అంతకు మించి ఏ మందూ లేదు.

---

వెటర్నరీ_డాక్టరమ్మ
మంగళవారం, ఉదయం 8:15

పెద్దాయనా, మీరు అడిగింది అడగాల్సిన ప్రశ్నే. పీచు కలిపితే ఆ ముప్పు పోతుందని నేను అనను, ఎవరూ అనకూడదు. అందులో నైట్రైట్ (నిల్వకూ, ఎర్రటి రంగుకూ మాంసంలో వేసే లవణం) పాత్ర వేరు, మాంసంలోని ఎర్రటి హీమ్ పాత్ర వేరు, మాడ్చడం వల్ల పుట్టేవి వేరు. ఉప్పు తగ్గిస్తే తగ్గేది ముఖ్యంగా బీపీ, దాని వెంట వచ్చే పక్షవాతం, గుండె జబ్బు. ఈ అక్క నగ్గెట్స్‌లో నైట్రైట్ లేదు. సాసేజ్‌లలో వాడుతున్నారేమో ఆమే చెప్పాలి.

18 శాతం అన్నది కూడా వివరంగా చెప్పుకోవాలి. నూటికి పద్దెనిమిది మందికి వస్తుందని కాదు. తిననివాళ్లకు ఎంత ముప్పు ఉందో, రోజూ 50 గ్రాములు తినేవాళ్లకు దాని మీద ఇంకో 18 శాతం ఎక్కువని.

ఇక ఒట్టి తునకలు. చెప్పడానికి బాధగానే ఉంది, ఎందుకంటే మా అమ్మమ్మ చేసినవి నాకూ ప్రాణం. ఉప్పు పట్టించడం, పులియబెట్టడం, పొగబెట్టడం, ఇలా నిల్వకూ రుచికీ మార్చిన మాంసమంతా ఆ సంస్థ లెక్కలో ప్రాసెస్ చేసినదే. మన తునకలూ, కోస్తాలో ఉప్పుకండమూ అందులోకే వస్తాయి. ఎండాక నీరు పోయి ఉప్పు చిక్కబడుతుంది కాబట్టి గ్రాముకు గ్రాము చూస్తే ఉప్పు నగ్గెట్స్ కంటే ఎక్కువే. వండే ముందు వేడి నీళ్లలో నానబెట్టి రెండుసార్లు ఆ నీళ్లు పారబోస్తారే, ఆ అలవాటు మాత్రం మానకండి. చాలా ఉప్పు ఆ నీళ్లలోనే పోతుంది.

---

పాలమూరు_పొలం
మంగళవారం, ఉదయం 8:40

నానబెట్టిన నీళ్లు పారబోస్తే రుచి పోతుందని మా ఇంట్లో ఈ మధ్య ఒక్కసారే కడుగుతున్నారు. ఈ రోజే చెప్తాను. నువ్వు సూటిగా చెప్పావు తల్లీ, సంతోషం.

---

చార్మినార్_రుచులు
మంగళవారం, మధ్యాహ్నం 1:10

పీచూ మాంసమూ కలవడం మనకు కొత్తా? హైదరాబాద్ హలీమ్‌కు 2010లో జీఐ, అంటే ఫలానా ఊరిదన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని హలీమ్ చేసేది గోధుమే. గోధుమా మాంసమూ గంటల తరబడి ఉడికి, గరిటెతో కొట్టి కొట్టి ఏది ఏదో తెలియనంతగా కలిసిపోతాయి. షామీ కబాబ్‌లో శనగపప్పు లేకపోతే ఆకారమే నిలవదు. ఇక ఊళ్లలో గోంగూర మాంసం, చింతచిగురు మాంసం, దోసకాయ మాంసం, సొరకాయ మాంసం. పావు కిలో మాంసంతో ఇంటిల్లిపాదికీ కూర వండిన తల్లుల తెలివి అది. నగ్గెట్ మాత్రం పీచన్నదే లేకుండా ఎందుకుండాలి? ఓట్స్ కోసం పరిగెత్తేకంటే మన దగ్గరున్న వాటితో చూడండి.

---

గోదారి_మిల్లు
మంగళవారం, మధ్యాహ్నం 2:36

మాది తణుకు దగ్గర రైసు మిల్లు. తవుడు వాడొచ్చు కదండీ? పీచు ఉంటుంది, ధర తక్కువ.

---

వెటర్నరీ_డాక్టరమ్మ
మంగళవారం, రాత్రి 9:02

మిల్లుగారూ, పచ్చి బియ్యం తవుడు వద్దండీ. అందులో నూనె ఉంది, ఆ నూనెను విరగ్గొట్టే ఎంజైమూ ఉంది. మర పట్టిన గంటల్లోనే పని మొదలవుతుంది, రెండు మూడు రోజులకు సబ్బు వాసన. ఫ్రీజర్‌లో నెలలుండే సరుకులో వేస్తే ఆ వాసన మాంసానికి ఎక్కుతుంది. ఉప్పుడు బియ్యం తవుడైతే నయం, వడ్లు ఉడికించినప్పుడే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. అదైనా తాజాగా, తినడానికి పనికొచ్చే శుభ్రతలో ఉండాలి.

నా ఓటు శనగ పొట్టుకు. అందులో దాదాపు మూడొంతులు పీచే. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ వాళ్లు 2010 ప్రాంతంలో సరిగ్గా ఈ పనే చేశారు. కొవ్వు తక్కువ చికెన్ నగ్గెట్స్‌లో మామూలు ఉప్పును 40 శాతం తగ్గించి, ఆ చోట వేరే లవణాల మిశ్రమం వేసి, శనగ పొట్టు పిండి, ఆపిల్ గుజ్జు, సొరకాయ వేరువేరుగా కలిపి చూశారు. పీచు పెరిగే కొద్దీ ముక్క బిగువు కొంచెం తగ్గుతుంది, అందుకే మోతాదు మించకూడదు.

మీకు ఇంకో అదృష్టం. జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉన్నది చెంగిచెర్లలో, మీ ఇంటి పక్కనే. మాంసం ఉత్పత్తులు చేసేవాళ్లకు అక్కడ శిక్షణ ఇస్తారు. ఒకసారి వెళ్లి రండి.

---

పప్పుమిల్లు_కబుర్లు
మంగళవారం, రాత్రి 9:47

శనగ పొట్టు గురించి ఒక హెచ్చరిక. పప్పు మిల్లులో చవగ్గా దొరికే పొట్టు పశువుల దాణాకు పోయేది. మట్టి, రాళ్లు, పుచ్చు గింజల పొడి అన్నీ అందులోనే ఉంటాయి. తడి తగిలిన బస్తాలో బూజు విషం కూడా ఉండొచ్చు. మంచి శనగలు కొని, పప్పు పట్టించి, మీ పొట్టు మీరే తీసుకోండి. కడిగి, బాగా ఎండబెట్టి, దోరగా వేయించి, మెత్తగా మర పట్టించి సన్న జల్లెడ పట్టండి. బరకగా ఉంటే పంటికి ఇసుకలా తగులుతుంది.

---

క్రాయ్‌డన్_తెలుగు
బుధవారం, ఉదయం 3:25

ఇంగ్లండు నుంచి. ఇక్కడ 2006 నుంచి బ్రెడ్డు, సాసేజ్, బేకన్, సూపులు, ఇలా ఒక్కోదానికి ఇంత ఉప్పే అని ప్రభుత్వం లక్ష్యాలు పెట్టి, కొన్నేళ్లకోసారి ఇంకా దించుతూ వచ్చింది. ఒక్కసారిగా కాదు, నాలుక పోల్చుకోలేనంత మెల్లగా. 2000ల మొదట్లో మనిషికి రోజుకు 9.5 గ్రాములున్న ఉప్పు 2011కి 8.1కి వచ్చింది. జనం పెద్దగా గమనించలేదు. దక్షిణాఫ్రికా అయితే 2013లో చట్టమే తెచ్చి 2016 నుంచి అమలు చేసింది, మాంసం ఉత్పత్తులకు కూడా.

మీ క్యాంటీన్లకు 180 నుంచి ఒకేసారి 130కి వెళ్తే చప్పగా ఉందంటారు. 165, 150, 140 అని నెలకొక మెట్టు దిగండి. ఎవరికీ చెప్పాల్సిన పని కూడా లేదు.

---

వెటర్నరీ_డాక్టరమ్మ
బుధవారం, ఉదయం 8:30

క్రాయ్‌డన్ వారి మెట్ల పద్ధతే సరైనది. దానికి తోడు కొంత సోడియం ఉప్పు తీసి పొటాషియం క్లోరైడ్ వేయొచ్చు. అది కూడా ప్రొటీన్‌ను కరిగిస్తుంది కాబట్టి ముద్ద పడుతుంది. మూడో వంతు దాటితే నాలుక చివర చేదు, లోహపు రుచి. మిరియాలు, వేయించిన ధనియాలు, కరివేపాకు, ఎండబెట్టిన పుట్టగొడుగుల పొడి ఆ చేదును బాగా కప్పుతాయి. చైనాలో 600 ఊళ్లలో సుమారు 21 వేల మందితో చేసిన ప్రయోగం 2021లో వచ్చింది. వంటలో 75 పాళ్లు మామూలు ఉప్పు, 25 పాళ్లు పొటాషియం క్లోరైడ్ వాడిన ఊళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది.

---

ఉద్దానం_బిడ్డ
బుధవారం, ఉదయం 9:12

దయచేసి ఇది అందరూ చదవండి. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని వీధి దొరకడం కష్టం. మా నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆయనకు కొబ్బరి నీళ్లు, అరటిపండు కూడా లెక్కపెట్టి ఇస్తాం, ఎందుకంటే కిడ్నీ పనిచేయకపోతే పొటాషియం బయటికి పోదు, రక్తంలో పెరిగితే గుండె ఆగిపోవచ్చు. కొబ్బరి తోటల మధ్య పుట్టిన మనిషి, బొండాం వంక చూసి తల తిప్పుకుంటాడు.

ఒకసారి బంధువులొకరు ‘బీపీకి మంచిది’ అని తక్కువ సోడియం ఉప్పు ప్యాకెట్ తెచ్చి ఇచ్చారు. అమ్మ రెండు రోజులు కూరల్లో వేసింది. వెనకాల సన్న అక్షరాల్లో పొటాషియం అని ఉన్నది మా చెల్లి చదవబట్టి సరిపోయింది. మీరు నగ్గెట్స్‌లో అది వేస్తే తినేవాళ్లకు ఎలా తెలుస్తుంది? క్యాంటీన్‌లో ప్లేటు మీద లేబుల్ ఉండదు కదా అక్కా.

---

వెటర్నరీ_డాక్టరమ్మ
బుధవారం, ఉదయం 9:40

తమ్ముడూ, ఇది నేను ముందే రాయాల్సింది, తప్పు నాదే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకో గుండెకో పొటాషియం పెంచే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఆ ఉప్పు ముట్టకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇలాంటి ఉప్పు ఇంట్లో వాడమని సూచించినప్పుడు కూడా కిడ్నీ రోగులను, పిల్లలను, గర్భిణులను పక్కన పెట్టింది. బయటి తిండికి ఆ సూచన వర్తించదని కూడా చెప్పింది.

---

బోడుప్పల్_వంటిల్లు
బుధవారం, ఉదయం 10:05

ఉద్దానం తమ్ముడూ, మీ మాట చదివాక నేను ఆ ఉప్పు వేయను. క్యాంటీన్‌లో ఎవరికి ఏ జబ్బుందో నాకు తెలియదు. మామూలు ఉప్పే మెట్టు మెట్టుగా తగ్గిస్తాను. నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

సాసేజ్‌లలో నైట్రైట్ కొద్దిగా వాడుతున్నాం. వాటి జోలికి ఇప్పుడు పోను. ముందు నగ్గెట్స్ కుదరనీ.

---

లేబుల్_చూడండి
బుధవారం, సాయంత్రం 6:30

ఉప్పు డబ్బా ఒక్కటే చూస్తున్నారు. కొన్న అల్లం వెల్లుల్లి పేస్ట్ వెనకాల సోడియం అంకె చూశారా? చెడిపోకుండా అందులో బోలెడు ఉప్పు వేస్తారు. బ్రెడ్ పొడిలో ఉంది, ఫాస్ఫేట్‌లో ఉంది, నగ్గెట్ పైన అద్దే పూత పిండిలో ఉంది. సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు, అంటే 2,000 మిల్లీగ్రాముల సోడియం దాటొద్దన్నది లెక్క.

---

బోడుప్పల్_వంటిల్లు
పద్దెనిమిది రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 8:45

ఆలస్యానికి క్షమించండి. నాలుగు బ్యాచ్‌లు అయ్యాక రాద్దామని ఆగాను.

ముందు అల్లం వెల్లుల్లి పేస్ట్ సంగతి. ప్యాకెట్ తిప్పి చూస్తే 100 గ్రాములకు 2,400 మిల్లీగ్రాముల సోడియం! బ్యాచ్‌కు 300 గ్రాములు వేస్తున్నాం, అంటే తెలియకుండానే 18 గ్రాముల ఉప్పు. ఇప్పుడు ఇంట్లోనే ఉప్పు లేకుండా రుబ్బుతున్నాం. ఈ ఒక్క మార్పుతో రుచిలో ఎవరికీ తేడా తెలియలేదు.

శనగ పొట్టు పప్పుమిల్లుగారు చెప్పినట్టే చేశాను. మొదటి పిండి బరకగా ఉంది, రెండోసారి మర పట్టించాను. 10 గ్రాములు గ్లాసులో వేసి నీళ్లు పోసి అరగంట ఉంచితే గ్లాసు వంచినా జారనంత గట్టిగా ఉబ్బింది. బ్యాచ్‌కు 400 గ్రాముల పిండి ముందు రోజు రాత్రే నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. బ్రెడ్ పొడి పూర్తిగా తీసేశాను.

రెండో బ్యాచ్ రోజు చాపర్ ఆపి వేలితో తీసి చూశాను. సీకు మాస్టర్‌గారు చెప్పిన దారం సాగింది! మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆవిరి పెట్టాక ట్రేలో నీళ్లు చెంచాడు కూడా లేవు. ఉప్పు 150తో మొదలుపెట్టి, నాలుగో బ్యాచ్‌కు 130 దాకా దింపి చూశాను. 130కి ముక్క అంచు కొంచెం మెత్తబడింది కానీ నూనెలో ఒక్కటీ విడిపోలేదు. నానిన పొట్టు నీటిని పట్టుకోవడంతో బ్యాచ్ బరువు కూడా తగ్గలేదు. ముక్క మధ్యలో 75 డిగ్రీలు వచ్చేదాకా ఉడికిస్తున్నాం. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గరే ఉంటోంది. క్యాంటీన్లకు ఇప్పుడు 150 బ్యాచే వెళ్తోంది, వచ్చే నెల 140.

క్యాంటీన్ మాస్టరు రంగు కొంచెం ముదురుగా ఉందన్నాడు, రుచి గురించి ఏమీ అనలేదు. హాస్టల్ నుంచి ఒకమ్మాయి మాత్రం ‘అక్కా, మిరియాలు ఎక్కువేశారా, బాగుంది’ అని మెసేజ్ పెట్టింది.

130 బ్యాచ్‌ను గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపాను. నా లెక్కలో పాత నగ్గెట్ 100 గ్రాములకు దాదాపు 940 మిల్లీగ్రాముల సోడియం, కొత్తది 655. ల్యాబ్‌లో 690 వచ్చింది. ఆ తేడా పూత పిండిలోని ఉప్పుదే, దాన్ని నేను లెక్కలో వేయలేదు. పీచు 2.6 గ్రాములు. ఇప్పుడు ప్యాకెట్ మీద ‘పీచు ఉంది’ అని వేయొచ్చా?

---

వెటర్నరీ_డాక్టరమ్మ
ఆదివారం, రాత్రి 9:20

చదువుతుంటే కళ్లు చెమర్చాయి అక్కా. వేయకూడదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ) నిబంధన ప్రకారం ఘన పదార్థానికి ఆ మాట వాడాలంటే 100 గ్రాములకు కనీసం 3 గ్రాములు ఉండాలి. ‘తక్కువ సోడియం’ అనడానికి 120 మిల్లీగ్రాములు దాటకూడదు, అది మనకు అందదు. కావాలంటే అంకెలు అంకెలుగానే అచ్చు వేయండి. పూత పిండిలో బ్రెడ్ పొడి బదులు రాగి పిండి కొంచెం కలిపి చూస్తారా? పీచు కాస్త పెరుగుతుంది, పూతలో ఉప్పూ తగ్గుతుంది.

---

పాలమూరు_పొలం
ఆదివారం, రాత్రి 9:34

మీ నాన్నగారు తింటున్నారా ఇప్పుడు?

---

బోడుప్పల్_వంటిల్లు
ఆదివారం, రాత్రి 9:50

రోజూ కాదండీ. ఆదివారం మాత్రం రెండు, ఈ కొత్తవే. మిగతా రోజులు అమ్మ టీతో ఉప్పు లేని వేయించిన శనగలు ఇస్తోంది. విరిగిన ముక్కల డబ్బా పంపడం ఆపేశాను. రాగి పూత రేపే మొదలుపెడతాను, పిండి ఎన్ని పాళ్లు వేయాలో చెప్పండి డాక్టరమ్మగారూ.